ప్లాస్టిక్ కంచె – ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విశ్రాంత విద్యుత్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచీ డి.ఎ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద వేడిగా చర్చ జరిగింది. భోజనాల తరువాత మాట్లాడేవాడికి ఒక్కటే బాధ, ఎదుటివారి కళ్ళు మూతలు పడుతుంటాయి. నిద్ర వచ్చినవారు మొహమాటపడవద్దు. నాకిచ్చిన విషయం కంచె. కార్యదర్శిగారు ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు మా ఇంట్లో నవ్వారు. ముప్పయ్యారేళ్ళు కరెంటు తీగలతో గడిపి, ఇప్పుడు ముళ్ళతీగల మీద ఉపన్యాసమా అని. కాని మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో ఊరి బయట ఒక ప్లాటో, ఎకరం రెండెకరాలో కొన్నవారమే. కొన్న మర్నాటి నుంచీ బెంగ. ఎవరైనా జరుగుతారేమో, రాళ్ళు పీకేస్తారేమో అని. ఆ బెంగలో తొందరపడి కంచె వేయించి డబ్బు పోగొట్టుకున్నవారు ఈ హాల్లోనే కనీసం పదిమంది ఉంటారు. అందులో నేనొకణ్ణి.

కిందటి సంవత్సరం మన మిత్రులొకరు అమెరికాలో, న్యూజెర్సీలో ఉన్న కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చారు. వచ్చీ రాగానే నాకు ఫోన్లో ఫోటోలు చూపించారు. పచ్చగడ్డి, చుట్టూ తెల్లగా మెరిసిపోయే కంచె. "ఇది ప్లాస్టిక్కటండీ, తుప్పు పట్టదు, చెదలు తినవు, రంగు వెయ్యక్కర్లేదు. షాద్‌నగర్ దాటాక మనకున్న రెండెకరాలకు ఇదే వేయిద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగారు. ఆయనకు చెప్పినదే మీకూ చెబుతాను.

ఆయన చూసినది యు.పి.వి.సి. కంచె. అక్కడ వినైల్ ఫెన్స్ అంటారు. 1980ల నుంచి ఆ దేశంలో బాగా వ్యాపించింది. దానికి వాళ్ళు ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 964 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం కూడా రాసుకున్నారు. పి.వి.సి. మనకు కొత్తదేమీ కాదు. మన జీవితమంతా వైరు మీది తొడుగు అదే, బోరుబావి పైపు అదే, స్నానాలగది తలుపు అదే. దాని బరువులో సగానికి పైగా ఉప్పు నుంచి తీసిన క్లోరిన్ అంటే మా మనవడు నమ్మలేదు. తుప్పు పట్టదు, చెదలు ముట్టవు, నిజమే. దానికి పడనిది ఎండ. అందుకే భూమిలో పాతిన పైపు తరాలకు తరాలు ఉంటుంది, మేడమీద ఎండలో పరచిన పైపు తెల్లబారి పెళుసెక్కుతుంది. మీరంతా చూసే ఉంటారు.

ఈ సంగతి తెలిసి కూడా నేను మోసపోయాను. 2010లో రిటైరయ్యాను. మర్నాటి జనవరిలో ఇంటి ముందున్న చిన్న తోటకు తెల్ల పలకల కంచె వేయించాను. అమ్మినవాడు పి.వి.సి. అన్నాడు, పి.వి.సి.యే. కాని అది గదుల లోపల వాడే తలుపుల రకం సరుకు. ఎండకు నిలవాలంటే అందులో తగినంత టైటానియం డయాక్సైడు కలపాలి. అదే గొడుగులా ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. అది ఖరీదైన సరుకు కనుక చవక రకాల్లో తగ్గించి, సుద్దపొడి ఎక్కువ కలుపుతారు. సుద్ద కలిసిన కొద్దీ పలక బరువెక్కుతుంది. నేనేమో చేత్తో తూచి చూసి, "బరువుగా ఉంది, గట్టి సరుకే" అని మురిసిపోయాను. ఇంజనీరునన్న మాటే గాని సంతలో వంకాయ కొన్నట్టు కొన్నాను.

ఇంకొక తప్పు కూడా చేయించాను. అడ్డపలకలను రెండువైపులా స్తంభాలకు స్క్రూలతో బిగించమన్నాను, కదలకుండా ఉంటుందని. పి.వి.సి. ఎండకు ఉక్కు కన్నా సుమారు ఐదు రెట్లు సాగుతుంది. ఎనిమిదడుగుల పలక జనవరి తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ మధ్య సుమారు పావు అంగుళం పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే ఏమవుతుంది? మే నెల వచ్చేసరికి నా కంచె పలకలన్నీ విల్లుల్లాగా వంగి నిలబడ్డాయి. దారినపోయేవారు డిజైనేమో అనుకున్నారు. మూడో వేసవికి పసుపురంగు తిరిగింది. పక్కింటి పిల్లవాడు కొట్టిన రబ్బరు బంతికి ఒక పలక అప్పడంలా విరిగింది. వాడు ఏడుస్తూ "సారీ తాతయ్యా" అన్నాడు. తప్పు నీది కాదు నాయనా, తాతయ్యదే అన్నాను.

మంచి సరుకు దొరకదని కాదు. ఎవరైనా యు.పి.వి.సి. కంచె వేయించదలిస్తే, ఇది బయట ఎండలో వాడే రకమని బిల్లు మీద రాయించుకోండి. ఎన్నేళ్ళు గ్యారంటీయో, రంగు మారితే, పగిలితే ఏం చేస్తారో అదే కాగితం మీద ఉండాలి. రంగు తెలుపు గాని, లేత రంగు గాని తీసుకోండి. ముదురు గోధుమ రంగు చూడ్డానికి టేకులా ఉంటుంది గాని మన ఎండకు కాలిపోతుంది. మామూలు పి.వి.సి. 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ముదురు రంగు పలక పైభాగం దానికి మరీ దూరంలో ఉండదు. అడ్డపలక కొసలు స్తంభంలోని గాడిలో జారేటట్టుండాలి, బిగించకూడదు. స్తంభం లోపల బోలుగా ఉంటుంది కనుక గేటు దగ్గర, మూలల దగ్గర లోపల జి.ఐ. పైపు నిలబెట్టి కాంక్రీటు పొయ్యాలి. విరిగిన ముక్కలను మాత్రం నీళ్ళపొయ్యిలో వెయ్యకండి. తనంత తాను మండుతూ ఉండదు గాని, మంటలో పడితే వచ్చే పొగ ఊపిరితిత్తులను కాల్చే ఆమ్లం.

ఇంటి ముందు తోటకు, డాబా మీద పిట్టగోడకు, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది నిజంగా మంచిదే. విశాఖ తీరంలోనో చీరాల వైపో ఇల్లున్నవారికి ఇనుప గ్రిల్లు ఎన్ని సంవత్సరాలు నిలుస్తుందో నేను చెప్పనక్కర్లేదు. పిల్లలు అమెరికాలో ఇల్లు కొని కంచె సంగతి మిమ్మల్ని అడిగితే, అక్కడా బాగానే ఉంటుంది. అయితే చాలా కాలనీల్లో ఇళ్ళ యజమానుల సంఘం ఒప్పుకున్న ఎత్తు, రంగే వెయ్యాలి. గుంట తవ్వే ముందు 811కు ఫోను చేస్తే భూమిలో గ్యాసు, కరెంటు లైన్లెక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు. ఆ ఏర్పాటు చూసి నాకు అసూయ కలిగింది. మన లైన్‌మెన్లు ఎన్ని తవ్విన కేబుళ్ళను అతికారో నాకు తెలుసు.

పొలం సంగతి వేరు. కంచె కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్న, ఎవరిని ఆపాలి అన్నది. గేదెనా, మేకనా, అడవిపందినా, దొంగనా, హద్దు జరిపే పక్క పొలంవాడినా? కోతిని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, దాన్ని ఆపే కంచె ఇంకా పుట్టలేదు. తెల్ల ప్లాస్టిక్ పలకల కంచె మనిషికి "ఇది నా హద్దు" అని మర్యాదగా చెబుతుంది. గేదెకు మర్యాద తెలియదు, వీపు దురదపెడితే ఆనుకుని రుద్దుకుంటుంది. పంది అసలు పలకల దాకా రాదు, కింద తవ్వుకుని వస్తుంది. అందుచేత రెండెకరాలకు ఆ కంచె వద్దని మిత్రునికి చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు.

ఆయన్ను ఇంకొకటి అడిగాను: "మీ పొలం ఏ ఆకారం?" ఆయన "రెండెకరాలు" అన్నారు. అందరం అలాగే చెబుతాం. కంచె ఖర్చు విస్తీర్ణం మీద కాదు, చుట్టుకొలత మీద. రెండెకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 295 అడుగులు, చుట్టూ 1,180. ఆయనది రోడ్డు నుంచి లోపలికి పొడుగ్గా ఉన్న చీలిక. కాగితం ప్రకారం 132 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు. చుట్టుకొలత 1,584. అంటే అదే రెండెకరాలకు 400 అడుగుల కంచె అదనం. పది అడుగులకొక స్తంభం చొప్పున నలభై స్తంభాలు అదనం.

కాగితం ప్రకారం అన్నాను. ముందు సర్వే చేయించండి అన్నాను. "రిజిస్ట్రేషనయింది, పాసుపుస్తకముంది, ఇంకా సర్వే ఎందుకు?" అన్నారు. పాసుపుస్తకం ఎంత ఉన్నదో చెబుతుంది, ఎక్కడున్నదో చెప్పదు. మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకుంటే సర్వేయరు వచ్చి, పక్క రైతులకు నోటీసిచ్చి, కొలిచి హద్దులు చూపిస్తాడు. ఆలస్యమవుతుంది, రెండు మూడుసార్లు తిరగాలి. తిరగండి, మనకు పనేముంది? మిత్రుని పొలం కొలిస్తే 1 ఎకరం 36 గుంటలు తేలింది. నాలుగు గుంటలు, అంటే 484 గజాలు, పక్కవారి గట్టు లోపల ఉన్నాయి. ముందే స్తంభాలు పాతి ఉంటే రెండే దారులు: ఉన్న గట్టు మీద వేసి నాలుగు గుంటలు తానే వదులుకున్నట్టు రాసిచ్చినట్టవడం, లేదా జరిపి వేసి కొట్లాట. ఊరికి దూరంగా ఉండే మనకు ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మన భూమి వేరేవారి ఆధీనంలో బహిరంగంగా, ఎడతెగకుండా 12 సంవత్సరాలు ఉండిపోతే, 1963 లిమిటేషన్ చట్టం కింద దావా వేసే హక్కు పోయే అవకాశముంది. ఏడాదికొకసారైనా వెళ్ళి హద్దురాళ్ళు చూసి, ఫోటో తీసుకురండి.

ఇక ఏ కంచె? పొలానికి నా ఓటు జాలీకి. పి.వి.సి. తొడుగున్న చైన్ లింక్ జాలీ. ఇక్కడ ప్లాస్టిక్ తన అసలు పని చేస్తుంది, ఉక్కుకు వానకోటులా ఉంటుంది. కాని కోటు లోపల మనిషెవరో చూడాలి గదా. నేను రెండు ముక్కలు తెచ్చాను, ఈ బల్ల మీదున్నాయి. రెండూ ఆకుపచ్చవే. బయటి కొలత రెండింటికీ 4 మిల్లీమీటర్లు, రెండింటినీ ఎనిమిది గేజి అనే అమ్మారు. కొస దగ్గర ప్లాస్టిక్ గీకి చూస్తే ఒకదాంట్లో 3 మిల్లీమీటర్ల ఉక్కు ఉంది, రెండోదాంట్లో 2. ఒక మిల్లీమీటరే తేడా గదా అనుకోకండి. తీగ బలం వ్యాసం మీద కాదు, దాని వర్గం మీద ఉంటుంది. తొమ్మిదికి నాలుగు. రెండోదానికి మొదటిదాని బలంలో సగం కూడా లేదు. బయట కనబడేది అంతా ప్లాస్టిక్ లావు. కనుక దుకాణానికి బ్లేడు, వెర్నియరు పట్టుకెళ్ళండి. వెర్నియరు లేకపోతే మనవళ్ళ కాలేజీ ల్యాబులో దొరుకుతుంది. దుకాణదారు చిరాకుపడితే పక్క దుకాణానికి వెళ్ళండి.

గీకినచోట ఇంకొకటి చూడాలి. లోపలి తీగ జింకు పూత పూసినదేనా, నల్లటి వట్టి తీగా? వట్టి తీగకు ప్లాస్టిక్ తొడిగితే, కోసిన ప్రతి కొసనుంచీ తేమ లోపలికి పాకుతుంది. పైకి పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది, లోపల తుప్పు. నాలుగైదేళ్ళకు చేత్తో విరిస్తే విరుగుతుంది. సముద్రానికి దూరంగా, పొడినేలల్లో ఉన్నవారికి ప్లాస్టిక్ తొడుగు లేకపోయినా, మంచి జింకు పూత ఉన్న జి.ఐ. జాలీ చాలు. ఆ డబ్బుతో లావు తీగ కొనవచ్చు. జాలీకి ఐ.ఎస్. 2721, ముళ్ళతీగకు ఐ.ఎస్. 278 అని మన ప్రమాణాలున్నాయి, అడగండి. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే అమ్మేవాడు కాస్త సర్దుకుంటాడు.

స్తంభాలు ఏడడుగుల రాతి కడీలైతే రెండడుగులు భూమిలోకి పోవాలి. ఎర్ర చెల్కలో సమస్య లేదు. వికారాబాద్, తాండూరు వైపు గాని, కర్నూలు వైపు గాని నల్లరేగడి ఉన్నవారు జాగ్రత్త. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, స్తంభాన్ని పన్ను కదిలించినట్టు కదిలిస్తుంది. గుంట ఇంకా లోతుగా తవ్వి, తీసిన నల్లమట్టి మళ్ళీ వెయ్యకుండా మొరం వేసి దిమ్మిస కొట్టించండి. మూలస్తంభాలకు రెండువైపులా ఏటవాలుగా ఊతాలు తప్పనిసరి, జాలీ లాగుడంతా వాటి మీదే. పందుల బెడద ఉంటే జాలీ అడుగు అంచును భూమిలోకి దించాలి, లేదా సన్నటి కాంక్రీటు పట్టీలో కలపాలి.

ఇంతవరకు చెప్పింది డబ్బు సంగతి. మిగిలింది చెప్పడానికే నిజానికి ఒప్పుకుని వచ్చాను.

2003లో నేను పనిచేసిన సబ్‌డివిజన్‌లో ఒక తోట ఉండేది. యజమాని పట్నంలో ఉద్యోగి, మనలాంటివాడే. మామిడితోట చుట్టూ ఆకుపచ్చ తొడుగు జాలీ వేయించాడు. కాపలాకు ఒక కుటుంబాన్ని పెట్టాడు. మీటరు నుంచి కాపలావాళ్ళ గుడిసెకు వైరు లాగాలి. స్తంభాలెందుకని జాలీ పొడుగునా తీగతో కట్టుకుంటూ తీసుకుపోయారు. ప్లాస్టిక్ తొడుగున్న జాలీ గదా, ఏం కాదనుకున్నారు. రెండేళ్ళు ఏమీ కాలేదు. గాలికి ఊగి ఊగి, కట్టిన చోట వైరు మీది తొడుగు అరిగింది, జాలీ మీదిదీ అరిగింది. ఆ వానాకాలం మొదట ఒక మేక కంచె పక్కన చచ్చి పడి ఉంది. పాము కరిచిందనుకున్నారు. నాలుగు రోజుల తరువాత కాపలామనిషి వానలో తడిసి వచ్చి గేటు తియ్యబోయాడు. గేటు దగ్గర కోసిన కొసలు, కట్టుతీగ, గొళ్ళెం, అన్నీ వట్టి ఇనుమే. భార్య చూస్తుండగానే పోయాడు. కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు.

తనిఖీకి వెళ్ళింది నేను. రిపోర్టు రాసిందీ నేనే. కారణం అన్న గడిలో ఒకటిన్నర వాక్యం రాశాను. యజమాని నా ఎదుటే కూలబడిపోయి, "ప్లాస్టిక్ ఉంది గదండీ, ప్లాస్టిక్ ఉంది గదండీ" అని అదే మాట అంటూ కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. తరువాత ఆ పిల్ల చదువు చూశాడని విన్నాను. మేక చచ్చిన రోజు ఎవరైనా ఒక ఫోను చేసి ఉంటే లైన్‌మెన్ అయిదు నిమిషాల్లో పట్టేవాడు. ఇరవయ్యేళ్ళు దాటినా పచ్చజాలీ చూస్తే నాకా మేకే గుర్తొస్తుంది.

జాలీ మీది పి.వి.సి. తుప్పు కోసం వేసినది, కరెంటు కోసం కాదు. వైరు మీది తొడుగులాగా దాన్ని పరీక్షించి ఇవ్వరు. ఏ కంచెకూ వైరు కట్టనివ్వకండి, పండుగ దీపాల తోరణం కూడా వద్దు. గుడిసెకు, మోటారుకు వైరు తీసుకుపోవాలంటే పైపులో వేసి భూమిలో పాతండి. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. లైన్ల కింద నుంచి పోయే ఇనుప కంచెకు మూలమూలనా ఎర్తు ఇప్పించండి. కంచె దగ్గర పిల్లి చచ్చినా, ముట్టుకుంటే జిల్లుమన్నా, మెయిన్ ఆపి లైన్‌మెన్‌ను పిలవండి.

పందుల కోసం రాత్రిపూట తీగకు నేరుగా లైను తగిలించేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ పొలం కౌలుకు తీసుకున్నవారు చేస్తున్నారేమో కనుక్కోండి, "నాకు తెలియదు" అన్నమాట ఆ తరువాత పనికిరాదు. దొంగ కరెంటుకు 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను ఉంది. మనిషి పోతే క్రిమినల్ కేసు ఉంది, పాత ఐ.పి.సి. స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత కింద. చట్టం సరే, తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్ళే మనిషి ఎవరి ఇంటివాడో! షాకు కంచె తప్పనిసరి అనుకుంటే ప్రమాణం ప్రకారం తయారైన ఎనర్జైజరుతో సోలారు కంచె వేయించండి. అది సెకనుకు ఒకసారికి మించకుండా, కన్నుమూసి తెరిచేలోపు ముగిసిపోయే దెబ్బ మాత్రమే ఇస్తుంది. పంది ఝడుసుకుని పోతుంది, ప్రాణం పోదు. దానికి కూడా హెచ్చరిక బోర్డు తెలుగులో ఉండాలి.

మా మిత్రుని పొలం సంగతి చెప్పి ముగిస్తాను. పక్క రైతుతో కూర్చుని మాట్లాడి, పెద్దల ముందు హద్దురాళ్ళు వేయించుకుని, పొడుగువైపు కంచె ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకున్నారు. రాతి కడీలు, 3 మిల్లీమీటర్ల జి.ఐ. జాలీ. లోపలివైపు వరుసగా వాక్కాయ మొక్కలు వేశారు. ముళ్ళు దట్టంగా ఉంటాయి, కాయలు పప్పులోకి వస్తాయి, జాలీ పాతబడేసరికి కంచె పని అవే చూసుకుంటాయి. సర్కారు తుమ్మ వేస్తానన్నవారిని ఆపాను, అది కంచె దిగి చేనంతా ఆక్రమిస్తుంది. తెల్ల కంచె ముచ్చట మాత్రం ఆయనకు తీరలేదు. గేటు పక్కన ఇరవై అడుగులు మంచి రకం యు.పి.వి.సి. వేయించుకుని, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుని న్యూజెర్సీకి పంపారు. గాడిలో పలకలు జారుతున్నాయో లేదో నేనే స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను.

రెండు జాలీ ముక్కలూ, వెర్నియరూ ఈ బల్ల మీదే ఉంచుతాను. టీ సమయంలో వచ్చి కొలుచుకోండి. వెర్నియరు మాత్రం మా మనవడిది, మళ్ళీ నాకు అప్పగించాలి.